గాలం పట్నపోళ్లది సరే, గల్లా ఎవరిది?

నారుమళ్లు, పత్తి పురుగు, యూరియా బస్తాల గురించి మాట్లాడుకునే ఈ పేజీలో పడవ షికారు ముచ్చటేమిటని మీకు అనిపించవచ్చు. కాస్త ఓపిక పట్టండి. ముచ్చట సముద్రం దగ్గర మొదలైనా చివరికి వచ్చి ఆగేది మన చెరువు కట్ట మీదే. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో చెరువు కింద ఎకరం మడి ఉన్న ప్రతి రైతుకూ, ఆ చెరువులో వల వేసే ప్రతి మత్స్యకారునికీ ఇది పట్టే సంగతి.

మాది జనగామ వైపు. నీళ్లు లేక బోర్లు వేసి అప్పులపాలైన నేల. అలాంటి ఊళ్ల వాళ్లకు సముద్రమంటే ఎంత మోజో చెప్పనక్కరలేదు. కిందటేడు మే నెలలో పిల్లల సెలవులు చూసుకుని, రైలెక్కి నాలుగు కుటుంబాల వాళ్లం కోస్తాలో ఒక ఊరికి పోయాం. ఒడ్డున గదులు, పొద్దున్నే పడవలో సముద్రంలోకి తీసుకుపోయి గాలం వేయిస్తామని ఫోన్లో చెప్పారు. తీరా పోతే పడవలన్నీ ఒడ్డున బోర్లించి ఉన్నాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధమట. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆ నిషేధం. ఫోన్లో ఆ మాట చెప్పనే లేదు. గదుల అద్దె మాత్రం ముందే కట్టించుకున్నారు. పిల్లలు ఇసుకలో ఆడుకున్నారు, మేము వేరే ఊరి నుంచి వచ్చిన ఐసు చేప తిని తిరిగొచ్చాం. మీలో ఎవరైనా ఎండాకాలం సెలవుల్లో ఇదే పని మీద పోదామనుకుంటే ఆ రెండు తేదీలు గోడ మీద రాసి పెట్టుకోండి.

పట్టు వదలక డిసెంబరులో మేం ముగ్గురం మళ్లీ పోయాం. ఈసారి మోటారు పెట్టిన ఫైబర్ పడవ దొరికింది. నాలుగు గంటలకు ఆరు వేల రూపాయలు. పొద్దుగాల ఐదు గంటలకు బయలుదేరాం. ఒడ్డు కనబడకుండా పోయేసరికి మా బావమరిదికి వాంతులు పట్టుకున్నాయి. పడవ సరంగు నవ్వి, "దూరంగా ఒకటే చోటు చూడండి బాబూ, నీళ్లకేసి చూడకండి" అన్నాడు. మూడు గాలాలు వేస్తే నాలుగు గంటల్లో రెండు కానాగంతలు పడ్డాయి. అంగడిలో రెండు వందలు కూడా చేయవు. అయినా అబద్ధమెందుకు, దారం గుంజుకున్న ఆ క్షణం మాత్రం యాభై దాటిన మమ్మల్ని పదేళ్ల పిల్లగాళ్లను చేసింది.

తిరుగుదారిలో సరంగును అడిగాను, ఆరు వేలలో నీకు ఎంత పడుతుందని. "మాకేటుందండీ బాబూ, నాకు తొమ్మిదొందలిస్తారు, డీజిలు వాళ్లదే. పడవ ఒకప్పుడు మా నాన్నదే, అప్పుకింద వాళ్లకే పోయింది" అన్నాడు. చేప ఎక్కడుందో తెలిసినవాడు అతను. అల చూసి పడవ తిప్పేవాడు అతను. మా ప్రాణాలు కాపాడేవాడూ అతనే. డబ్బు మాత్రం గదుల గల్లా పెట్టెలోకి పోయింది. ఈ ఒక్క ముచ్చట చెప్పడానికే సముద్రం దాకా తీసుకుపోయాను మిమ్మల్ని. ఇక మన ఊరికి వద్దాం.

మన కట్ట మీదికీ వచ్చారు

ఈ సంక్రాంతి తరువాత మా పక్క ఊరి మత్స్య సహకార సంఘం దగ్గరికి ఇద్దరు పెద్దమనుషులు కారులో వచ్చారు. దేవాదుల నీళ్లతో ఏడాది పొడవునా నిండుగా ఉండే చెరువు అది. "ఏడాదికి లక్ష ఇస్తం, ఐదేండ్లకు రాసియ్యిండ్రి. కట్ట పొంటి చెట్లు పెడతం, నాలుగు గదులు కడతం, రెండు పడవలు తెస్తం. పట్నం నుంచి వచ్చి గాలం వేసుకుంటరు. మీ చేపలు మీకే" అన్నారు. అరవై మంది సభ్యులున్న సంఘానికి లక్ష రూపాయలు ఉత్త పుణ్యానికి వస్తున్నాయంటే సగం మంది తల ఊపారు. ఒక పెద్దాయన మాత్రం, "చెరువు నిండితే కప్పలకు కబురు పంపాల్నా తమ్మీ? నీళ్లు లేని నాడు ఒక్కడు రాలే. గిప్పుడు అందరికి మన చెరువు యాదికొస్తున్నది" అన్నాడట. సంతకాలు వచ్చే నెల సర్వసభ్య సమావేశానికి వాయిదా పడ్డాయి.

ఇది ఒక్క ఊరి సంగతి అనుకోకండి. నీళ్లు నిలిచే చెరువు ఎక్కడుంటే అక్కడికి రేపో మాపో ఇట్లాంటి కారు వస్తుంది. అప్పుడు ఏం జవాబు చెప్పాలో ఇప్పుడే ఆలోచించుకోవాలి. వద్దని తలుపేయమని నేను అనను. సరేనని చెరువు అప్పజెప్పమనీ అనను. ఆ పని సంఘమే చేసుకోవాలని నా వాదన.

లోకంలో ఇదొక పెద్ద వ్యాపారం

గాలం వేయడం మనకు ఆట కాదు, కూరకోసం చేసే పని. కానీ లోకంలో అది ఆటగా, వ్యాపారంగా మారి వంద ఏళ్లయింది. అమెరికాలో ఫ్లోరిడా కొసన ఉన్న దీవుల్లో ఊళ్లకు ఊళ్లే పడవ కిరాయిల మీద బతుకుతాయి. రోజు లెక్కన, పూట లెక్కన పడవ మాట్లాడుకుంటారు. పడవతోపాటు సరంగు, సాయం మనిషి, గాలాలు, ఎర అన్నీ వాళ్లవే. చేప పడ్డా పడకపోయినా కిరాయి కిరాయే. 1953లో పెరూ దేశం తీరాన ఒకాయన గాలంతో 1,560 పౌండ్ల మార్లిన్ చేపను పట్టాడు. అంటే ఏడు క్వింటాళ్లు! ఆ పేరు విని ఎక్కడెక్కడి వాళ్లో ఆ పల్లెకు పడవలు మాట్లాడుకోవడానికి పోయారు. రచయిత హెమింగ్వే క్యూబాలో సొంత పడవ పెట్టుకుని వేటాడేవాడు. అక్కడి జాలరుల మధ్య తిరిగి 1952లో ఒక ముసలి జాలరి కథ రాశాడు, 1954లో నోబెల్ అందుకున్నాడు. ఆయన పోయాక కోహిమార్ అనే పల్లె జాలరులు తమ పడవల ఇత్తడి సామాను కరిగించి ఆయన బొమ్మ పోయించారట. వచ్చిన పరాయివాడు పల్లెను గౌరవిస్తే పల్లె కూడా అతన్ని నెత్తిన పెట్టుకుంటుంది.

అంత దూరమెందుకు, కర్ణాటకలో కావేరి ఒడ్డున భీమేశ్వరి దగ్గర ఆ రాష్ట్ర ప్రభుత్వ సంస్థే గాలం శిబిరం నడిపింది. అక్కడ మహశీర్ అనే పెద్ద చేప ఉంటుంది. ఆ నదిలో కలిసే కబినిలో 1946లో 120 పౌండ్ల చేప పడింది. శిబిరంలో నియమం ఏమిటంటే, పట్టిన చేపను తూకం వేసి, ఫొటో తీసుకుని తిరిగి నీళ్లలో వదలాలి. అంతకుముందు నాటుబాంబులతో చేపలు కొట్టిన వాళ్లలో కొందరు ఆ శిబిరాల్లోనే కావలిదారులుగా, దారి చూపేవాళ్లుగా మారారు. బతికున్న చేప చచ్చిన చేపకన్నా ఎక్కువ డబ్బు తెస్తుందని వాళ్లకు అర్థమైంది. తరువాత వన్యప్రాణి చట్టం కింద అభయారణ్యం లోపల గాలం ఆపేశారు. ఆపినందుకు కావలి పోయి మళ్లీ బాంబులు వచ్చాయని గాలం సంఘాలు అంటాయి. అభయారణ్యం ఆటస్థలం కాదని అటవీశాఖ అంటుంది. రెండింటిలోనూ నిజముంది.

కావేరి నుంచి మనం నేర్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. చేపలు తగ్గాయని వేరే చోటి మహశీర్ పిల్లలను పెంచి ఆ నదిలో వదిలారు. కొత్తది పెరిగింది, అక్కడి సొంత మూపు మహశీర్ అంతరించే దశకు చేరింది. దానికి శాస్త్రవేత్తలు సరైన పేరు తేల్చేనాటికే 2018 వచ్చింది. రేపు మన చెరువులోనూ "పెద్ద చేప పడితేనే పట్నపోళ్లు వస్తరు" అని ఎవరో ఒకరు నిషేధించిన ఆఫ్రికా క్యాట్‌ఫిష్ పిల్లలు తెచ్చి పోస్తామంటారు. ఒప్పుకుంటే ఆ ఏడాదే బొచ్చె పిల్లలు, రవ్వ పిల్లలు దాని కడుపులోకి పోతాయి.

మన దగ్గర ఏమున్నది?

మనకు సముద్రం లేదు, కానీ సముద్రాలున్నాయి. కాకతీయులు చెరువుకు పెట్టుకున్న పేరే సముద్రం. భూపాలపల్లి జిల్లా ఘనపురం దగ్గర గణపసముద్రం ఉంది, పక్కనే కోటగుళ్లు. మహబూబాబాద్ జిల్లా బయ్యారం చెరువును గణపతిదేవుని చెల్లెలు మైలాంబ తవ్వించింది. కాకతీయుల వంశం వరుస తెలిసింది ఆ చెరువు శాసనం వల్లనే. ఇప్పుడు ములుగు జిల్లాలోకి పోయిన రామప్ప, లక్నవరం 2019 దాకా భూపాలపల్లి జిల్లాలోనే ఉండేవి. 1213 నాటి రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. లక్నవరంలో వేలాడే వంతెన, దీవి మీద గదులు, పడవలు ఉన్నాయి. ఆదివారం వస్తే కార్లకు జాగ దొరకదు. ఇక మా జనగామకు నదే లేకున్నా, దేవాదుల ఎత్తిపోతలతో గోదావరి నీళ్లు స్టేషన్ ఘనపూర్, అశ్వరావుపల్లి, చీటకోడూరు, బొమ్మకూరు, గండిరామారం, నవాబుపేట రిజర్వాయర్లకు ఎక్కాయి.

ఇక చేపలు. 2016 నుంచి ప్రభుత్వం ఉచితంగా చేప పిల్లలు పోయడం మొదలుపెట్టింది. బొచ్చె పైనీటిలో, రవ్వ నడినీటిలో, మోసు అడుగున మేస్తాయి, బంగారు తీగ బురద కెలుకుతుంది. వీటికి తోడు మన సొంత కొర్రమట్ట. అదే తెలంగాణ రాష్ట్ర చేప. గాలం వేసేవానికి కొర్రమట్టను మించినది లేదు. కప్ప కదిలినట్టు ఎర ఆడిస్తే కలుపుమొక్కల మధ్య నుంచి బాణంలా వచ్చి అందుకుంటుంది. పట్నంలో కొర్రమట్ట కిలో ఏ ధర పలుకుతుందో మీకు తెలుసు. దాన్ని తన చేత్తో పట్టుకునే అవకాశానికి అంతకు రెండింతలు పెట్టేవాళ్లున్నారు.

మరి మన మత్స్యకారునికి ఏం దక్కుతున్నది? ఎండాకాలం నీళ్లు ఇంకగానే అందరూ ఒకేసారి వల వేస్తారు, ధర పడిపోతుంది. వడ్డీకి పైసలిచ్చిన దళారే తూకం వేస్తాడు. మృగశిర కార్తె నాడు ఒక్కరోజు మాత్రం జనం ఎగబడి కొంటారు. ఆ లాభం కూడా కట్ట దాకా రాదు. అందుకే లక్ష రూపాయలు అనగానే తల ఊపుతున్నారు, వాళ్లను తప్పుపట్టలేం.

లెక్క వేసి చూద్దాం

ఊరికే నోటిమాట వద్దు, కాగితం మీద వేద్దాం. ఏడాదంతా నీళ్లుండే ఒక చెరువు అనుకోండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా 16 వారాలు, శని ఆదివారాలు మాత్రమే. రోజుకు పది గాలాలకు మించి అనుమతి లేదు. ఒక్కో గాలానికి 500 రూపాయల చీటీ. రోజుకు ఐదు వేలు, వారానికి పది వేలు, సీజనుకు 1,60,000 రూపాయలు. పట్టిన చేప తీసుకుపోతే కిలో ధర వేరుగా కట్టాలి.

ఖర్చు సంగతి. రోజుకు నలుగురు సభ్యులు, పడవ మీద ఇద్దరు, కట్ట మీద ఇద్దరు. తలా 600 కైకిలి చొప్పున 32 రోజులకు 76,800. ప్రాణరక్షణ జాకెట్లు 14, వెయ్యి చొప్పున 14,000. తాళ్లు, మందుల పెట్టె, బోర్డు, చెత్త ఎత్తివేత 9,200. మొత్తం లక్ష. మిగిలేది 60 వేలు. పైకి చూస్తే కారులో వచ్చినవాళ్లు ఇస్తామన్న లక్ష కన్నా ఇది తక్కువే. కానీ కైకిలి 76,800 కూడా మన వాళ్ల చేతికే వస్తుంది కదా. రెండు కలిపితే 1,36,800. ఊళ్లో రెండిళ్ల వాళ్లు తలా ఒక గది శుభ్రంగా పెట్టి శనివారం రాత్రికి వెయ్యి తీసుకుంటే ఇంకో 32 వేలు. జొన్నరొట్టె, చేపల పులుసు పెట్టే ఆడబిడ్డల సంఘానికి వచ్చేది వేరు. అన్నిటికన్నా ముఖ్యం, ఐదేళ్లు చెరువును ఎవరికీ రాసివ్వలేదు.

మొదటి ఏడాదే పది గాలాలూ నిండుతాయని నేను చెప్పను. సగమే నిండవచ్చు. అప్పుడు పనికి పిలిచే మనుషులూ సగమే కావాలి. దీంతో ఎవరూ మేడలు కట్టరు. కానీ ఆ 60 వేలతో పిల్ల రెండు రూపాయల లెక్కన 30 వేల చేప పిల్లలు సంఘమే కొని, ఆగస్టులోనే పోసుకోవచ్చు. సర్కారు లారీ ఎప్పుడొస్తుందా అని కట్ట మీద కూర్చోవాల్సిన పని తగ్గుతుంది. పిల్ల ఒక నెల ముందు పడితే ఎండాకాలానికి ఎంత బరువు తూగుతుందో చేపలు పెంచినవాళ్లకు చెప్పాల్నా!

రైతు అడిగే ప్రశ్న

ఇక్కడ ఆయకట్టు రైతు లేచి నిలబడతాడు. నిలబడాలి కూడా. "పడవలు తిరగాల్నంటే నీళ్లు నిండుగ ఉండాలె. యాసంగికి తూము ఎత్తొద్దంటరా?" అని. ఇది ఊహ కాదు. ఒకసారి కట్ట మీద గదులు లేచి, పెట్టుబడి పెట్టినవాడు కూర్చుంటే, నీళ్లు దిగడం అతనికి నష్టం. అతని మాట అధికారుల దగ్గర చెల్లుతుంది, చివరి మడి రైతు మాట చెల్లదు. అందుకే వరుస ముందే రాసుకోవాలి. మొదట తాగునీరు, పశువులు. తరువాత పంట. తరువాత చేప బతకడానికి అడుగు నీళ్లు. ఆఖరున షికారు. తూము ఎత్తేది నీరటికాడు, ఎత్తమనేది ఆయకట్టు. గాలం వేసేవానికి అందులో మాట ఉండకూడదు. సంఘం చేతిలో పని ఉంటే ఈ వరుస నిలుస్తుంది. ఎందుకంటే మత్స్యకారుల్లో చాలామందికి అదే చెరువు కింద అర ఎకరమో ఎకరమో ఉంది. వాళ్ల బువ్వ కూడా ఆ తూములోనుంచే పారుతుంది.

నీళ్లను నమ్ముకుని ఇటుక పెట్టొద్దనడానికి మన కళ్ల ముందే ఉదాహరణ ఉంది. భూపాలపల్లి జిల్లా మేడిగడ్డ బ్యారేజీ 2019లో ప్రారంభమైంది. 2023 అక్టోబరులో పిల్లర్లు కుంగి నీళ్లు వదిలేయాల్సి వచ్చింది. అంత పెద్దదానికే ఆ గతి పట్టినప్పుడు మన చెరువు నీటిమట్టం మీద గదుల లెక్క కట్టడం తెలివైన పని కాదు. శిఖం భూమిలో ఒక్క ఇటుక కూడా లేవకూడదు. కట్ట మీద అంతకన్నా వద్దు. ఎనిమిది వందల ఏళ్లు నిలిచిన కట్టలివి. పునాదులు తవ్వితే నీరు దారి వెతుక్కుంటుంది. ఊళ్లో ఖాళీగా ఉన్న పెంకుటిళ్లు చాలు వచ్చినవాళ్లు పడుకోవడానికి.

ప్రాణం ముందు, పైసా వెనుక

2019 సెప్టెంబరు 15 మీకు గుర్తుండే ఉంటుంది. గోదావరి మీద కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగి యాభై మంది దాకా పోయారు. కాజీపేట పక్కన కడిపికొండ నుంచి పోయినవాళ్లు కూడా అందులో ఉన్నారు. ఆ రోజు ఈ ప్రాంతంలో పొయ్యి రాజేయని ఇళ్లెన్నో. వరదలో పడవ తీయడం, జాకెట్లు వేసుకోకపోవడం ఎంత పని చేశాయో చూశాం. చెరువే కదా, తెప్పే కదా అనుకోవద్దు. తుమ్మ మొద్దులు నీళ్లలో మునిగి ఉంటాయి, తామరతీగ కాళ్లకు చుట్టుకుంటుంది. జాకెట్ తొడుక్కోనివాడు ఎంత పెద్ద ఆఫీసరైనా పడవ ఎక్కొద్దు. మందు తాగినవాడు కట్టే ఎక్కొద్దు. గాలి లేచినా, పొద్దు గూకినా పడవ ఒడ్డుకు రావాలి. పడవకు అధికారులు తనిఖీ చేసి ఇచ్చిన అనుమతి, మనుషులకు బీమా లేకుండా మొదలుపెట్టవద్దు. అవి లేనినాడు కట్ట మీద నుంచే గాలం వేయించండి, పడవ జోలికి పోకండి.

మందు సీసాల సంగతి రైతుకే బాగా తెలుసు. కట్ట మీద పగిలిన సీస మడిలోకి కొట్టుకొచ్చి నాటు వేసే ఆడబిడ్డ కాలు కోస్తుంది. సీస కనబడితే చీటీ రద్దు, వెయ్యి జరిమానా అని బోర్డు మీద పెద్దక్షరాలతో రాయించండి.

చేపకూ ఒక కట్టుబాటు

చేపను పట్టి వదిలేస్తే పుణ్యమని కొందరనుకుంటారు. వదిలిన ప్రతి చేపా బతకదు. గాలం గొంతులో దిగినది, పొడి చేతుల్లో నలిగినది, ఎండలో ఫొటోల కోసం ఐదు నిమిషాలు వేలాడదీసినది తరువాత చస్తుంది. కాబట్టి గాలానికి ఎదురుముల్లు లేకుండా చూడాలి, లేదంటే కటింగ్ ప్లేయరుతో నొక్కేయాలి. చేతులు తడుపుకునే చేపను ముట్టాలి. అర కిలో లోపుది వెంటనే నీళ్లలోకి. పెద్దది పడితే తూకం వేయించి డబ్బు కట్టి ఇంటికి తీసుకుపోవడమే మేలు. మనిషికి రెండు చేపలు చాలు.

వానాకాలం జూన్ నుంచి సెప్టెంబరు దాకా గాలం బంద్. సముద్రంలో 61 రోజులు వేట ఆపితే మనకు ఆ మాత్రం ఓపిక ఉండొద్దా? కొర్రమట్ట ఆ కాలంలో గూడు చేసి గుడ్లు పెడుతుంది. పిల్లలు ఎర్రటి ముద్దలా నీళ్ల మీద కదులుతుంటే తల్లీ తండ్రీ కింద కాపలా కాస్తాయి. దగ్గరికి ఏది వచ్చినా కరుస్తాయి, అందుకే అప్పుడు గాలానికి సులువుగా పడతాయి. ఆ ఒక్క చేపను లేపితే పైన ఉన్న వందల పిల్లలు పూట తిరగకుండా పరకలకు, కొంగలకు తిండి అవుతాయి. చిన్నప్పుడు మనమూ ఈ తప్పు చేసినవాళ్లమే.

అన్ని చెరువులకూ ఈ పని పనికిరాదు. మార్చికల్లా అడుగంటే కుంటల్లో వల వేసుకోవడమే సరి. పాకాల వంటి అభయారణ్యం చెరువుల్లో అటవీశాఖ నియమాలు దాటే ఆలోచనే పెట్టుకోవద్దు. రిజర్వాయర్లు నీటిపారుదల శాఖవి, చేపలు పట్టే హక్కు లైసెన్సు ఉన్న మత్స్యకారులది. ఆ రెండు వైపులా ఒప్పుకుంటేనే ముందడుగు.

సమావేశానికి పోయే ముందు

సంఘం సభ్యులు, ఆయకట్టు రైతులు ఒక్కచోట కూర్చోండి. ఎవరు కాగితం తెచ్చినా సంతకానికి ముందు ఐదు మాటలు అడగండి. నీళ్ల మీద మాట ఎవరిది? చీటీ డబ్బు ఎవరి ఖాతాలో పడుతుంది? పడవ ఎవరి పేరు మీద ఉంటుంది? మా పిల్లలు అక్కడ కైకిలికి పోతరా, వాటాకు పోతరా? నచ్చకపోతే ఏడాదికే విడిపోవచ్చా? ఐదింటికీ రాతలో జవాబు రాకపోతే చాయ్ తాగించి పంపండి. ఆ తరువాత మత్స్యశాఖ అధికారిని పిలిపించుకుని, ఒక్క సీజనుకు, నాలుగు గాలాలతో, పడవ లేకుండా మీరే మొదలుపెట్టి చూడండి. పోయేదేమీ లేదు. కుదిరితే మరుసటేడు పది చేయండి.

ఆ సముద్రం ఒడ్డు సరంగు నాకు అప్పుడప్పుడు గుర్తొస్తాడు. అతని తండ్రి పడవ ఒక్క రోజులో పోలేదు. మొదట పండుగకు అప్పు, తరువాత మోటారుకు అప్పు, ఆఖరున ఒక సంతకం. ఇప్పుడు తన పడవ మీద తానే కూలి. మన చెరువుల మీద మన పిల్లలకు ఆ రోజు రావొద్దు. పట్నం నుంచి వచ్చేవాళ్లను రానీయండి, గాలం వేసుకోనీయండి, చేప పడితే మనమూ సంబరపడదాం. గల్లా పెట్టె తాళం చెవి మాత్రం సంఘం మొలతాడుకే ఉండాలి.